డన్స్ నంబర్ నుంచి యూఈఐకి మారడం ఇలా

అమెరికాలో చిన్న కంపెనీ పెట్టి ఫెడరల్ కాంట్రాక్టుల కోసం చూస్తున్న మనవాళ్లు కొందరు ఇంకా కంపెనీని గుర్తించే పాత తొమ్మిది అంకెల డన్స్ నంబరే పట్టుకుని ఉన్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసింది. ఇప్పుడు కావాల్సింది అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే యూఈఐ, అంటే ప్రభుత్వమే కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబర్.

ప్రభుత్వ కాంట్రాక్టుల కోసం కంపెనీలు నమోదయ్యే వెబ్‌సైట్ శామ్ డాట్ గవ్‌లో అప్పటికే రిజిస్టర్ అయి ఉంటే మళ్లీ అప్లై చేయక్కర్లేదు, లాగిన్ అయి మీ కంపెనీ రికార్డు తెరిస్తే నంబర్ అక్కడే కనిపిస్తుంది. ఇంగ్లిష్ ఓ, ఐ అక్షరాలు ఇందులో వాడరు, కాబట్టి గుండ్రంగా ఉన్నది సున్నానే.

కొత్తవాళ్లకు అసలు చిక్కంతా పేరు, అడ్రస్ దగ్గరే. కంపెనీ పేరు స్టేట్‌లో రిజిస్టర్ చేసిన కాగితంలో ఎలా ఉందో అలాగే, చివరి ఎల్‌ఎల్‌సీతో సహా కొట్టండి. పీఓ బాక్స్ పనికిరాదు. నేను అప్‌లోడ్ చేసిన ఒక కాగితంలో అడ్రస్‌లో ఆఫీసు సూట్ నంబర్ ఉంది, ఇంకోదాంట్లో లేదు, అంతే, వెరిఫికేషన్ ఆగిపోయి బిడ్ గడువు దగ్గరపడుతుంటే ఎంత టెన్షన్ పడ్డానో! అందుకే ముందే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంకో మాట, నంబర్ ఒక్కటే తెచ్చుకుంటే నేరుగా బిడ్ వేయడానికి చాలదు, పూర్తి రిజిస్ట్రేషన్ చేయాలి, ఏటా రెన్యూ చేయాలి. ఇదంతా ఉచితం. ఫీజు కట్టమని ఎవరైనా మెయిల్ పెడితే ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి.