ఒళ్లు కొత్త కిడ్నీకి అలవాటు పడిందని మాత్రలు మానొద్దు

ఆపరేషనై రెండేళ్లయింది, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్ 1.2 దగ్గరే ఉంది, ఇంక మాత్రలెందుకు అని చాలామందికి అనిపిస్తుంది. ఒళ్లు అలవాటు పడలేదు. మీరు వేసుకునే టాక్రోలిమస్ మాత్ర, పరాయి అవయవంపై దాడిచేసే టీ కణాలనే తెల్లరక్తకణాలను అణచిపెట్టి ఉంచింది, అంతే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి ఈ మందులేవీ లేకుండా నిలిచిందంటే, ఇచ్చిందీ పుచ్చుకుందీ ఒకే పోలిక కవలలు. మనకు ఆ వెసులుబాటు లేదు. పైగా క్రియాటినిన్ పెరిగిందని తెలిసేసరికే కిడ్నీకి దెబ్బ తగిలి ఉంటుంది.

అందుకే రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష ముఖ్యం. మొదటి నెలల్లో చాలాచోట్ల మిల్లీలీటరుకు 8–12 నానోగ్రాములు, ఏడాది దాటాక 5–8 మధ్య ఉంచుతారు. మీ అంకె మాత్రం మీ డాక్టర్ చెప్పిందే. రోజుకు రెండుసార్లు వేసుకునేవాళ్లు పరీక్ష రోజు పొద్దుటి మాత్రను వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే అంకె ఎక్కువొస్తుంది, డోసు తగ్గిస్తారు, కిడ్నీకి కాపలా పలచబడుతుంది.

ఎక్కువమంది తప్పేది బస్సు దగ్గర. అనంతపురంలో తెల్లవారుజామున ఎక్కి, బెంగళూరులో ఓపీ చీటీ రాయించుకుని, సూది గుచ్చేసరికి 11 అవుతుంది. రాత్రి 8కి వేసుకున్న మాత్రకు 15 గంటలు! మాత్ర వేసుకున్నాక 12 గంటలకు చూడాల్సిన అంకె తక్కువగా కనపడుతుంది, డోసు పెంచుతారు, చేతులు వణుకుతాయి, షుగరు పెరుగుతుంది. డాక్టర్‌ను అడిగి ముందురాత్రి మాత్రను 10 దాకా జరపండి, లేదా మూడు నాలుగు రోజుల ముందే ఊళ్లోని ల్యాబులో పొద్దున 8కి రక్తం ఇచ్చేయండి. ఊదా మూత ట్యూబులో మొత్తం రక్తమే పంపాలి, కణాలు తీసేసిన పైనీరు (సీరం) పనికిరాదు. చీటీ మీద ‘రాత్రి మాత్ర 8:00, పొద్దున రక్తం 8:05’ అని తప్పక రాయించండి.

విరేచనాలు పట్టుకుంటే మందు తగ్గిపోతుందనుకుంటారు. తరచూ పెరుగుతుంది, ఎందుకంటే పేగు గోడలో మందును విరిచే ఎంజైములు దెబ్బతింటాయి. వెంటనే ఫోన్ చేయండి. క్లారిత్రోమైసిన్ (యాంటీబయోటిక్), ఫ్లుకొనజోల్ (ఫంగస్ మందు), పంపరపనస కూడా రక్తంలో మందును పెంచుతాయి. టీబీకిచ్చే రిఫాంపిసిన్ ఒక్కసారిగా పడదోస్తుంది. నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకోవద్దు. మాత్ర మరిచిపోతే రెండు కలిపి మింగొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో తిప్పతీగ కషాయం ఇస్తారు. రోగనిరోధక శక్తిని పెంచుతుందన్న పేరున్నదేదీ మీకు వద్దు. మీరు మాత్రలు మింగుతున్నది దాన్ని తగ్గించడానికే.

మాత్రలను మే నెల ఎండలో బండి డిక్కీలో ఉంచొద్దు. 100.4 జ్వరం, మూత్రం తగ్గడం, కిడ్నీ పెట్టినచోట నొప్పి, రెండు రోజుల్లో 2 కిలోల బరువు పెరగడం: వీటిలో ఏది కనపడినా తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు వెళ్లండి.