నత్తి: ఇరుక్కున్న మాటను నెట్టకుండా బయటికి తేవడం

నా పేరు పద్మ. నాకు అన్నిటికంటే కష్టమైన మాట కూడా అదే. ఆ మొదటి 'ప' దగ్గర పెదాలు అతుక్కుపోయి గాలి లోపలే ఆగిపోతుంది. "నిదానంగా మాట్లాడు, టెన్షన్ పడకు" అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. కానీ పెదాలు బిగుసుకున్నాక ఏం చెయ్యాలో వాళ్లు చెప్పరు.

ముందు బిగుసుకునే చోటు పట్టుకోవాలి. అద్దం ముందు మీకు ఇరుక్కునే మాట చెప్పి, ఆగినచోట అలాగే ఉండి గమనించండి. 'ప', 'బ'లకు పెదాలు, 'త', 'ద'లకు నాలుక కొస, 'క', 'గ'లకు నాలుక వెనక భాగం, అచ్చులకు చాలావరకు గొంతు. తర్వాత అదే అక్షరాన్ని పెదాలు గానీ నాలుక గానీ తాకీతాకనట్టు ఆనించి పలకండి. అచ్చుతో మొదలయ్యే మాటైతే ముందు కాస్త ఊపిరి వదిలి, దాని వెంటే గొంతు కలపండి.

ఇక అసలు పని. చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ థెరపిస్ట్ (ఆయనకూ నత్తి ఉండేది) మూడు పద్ధతులు చెప్పాడు. వాటిని వెనక నుంచి ముందుకు నేర్చుకోవాలి: మాట అయ్యాక చేసేది ముందు, మాట మధ్యలో చేసేది తర్వాత, మాటకు ముందే చేసేది చివర్లో.

మొదటిది క్యాన్సలేషన్. నత్తి వచ్చినా మాట పూర్తి చెయ్యండి. పూర్తయ్యాక రెండు మూడు సెకన్లు ఆగి, పెదాలు ఎంత బిగిశాయో గుర్తు చేసుకుని, అదే మాట వదులుగా మళ్లీ అనండి. రెండోసారి కూడా తడబడితే తడబడనివ్వండి, బిగువు తగ్గితే చాలు. ఎదుటివాళ్ల ముందు ఆ మౌనం భరించడం ఉంది చూశారూ, నత్తికంటే అదే కష్టం. అయినా దీన్ని దాటెయ్యకండి.

రెండోది పుల్ అవుట్. మాట ఇరుక్కుని ఉండగానే చేసేది. బిగిసిన తలుపును భుజంతో గుద్దినట్టు గట్టిగా నెట్టొద్దు, వెనక్కొచ్చి మళ్లీ మొదలెట్టొద్దు. అక్కడే ఉండి పెదాల ఒత్తిడి కొంచెం కొంచెంగా వదలండి. గాలి జారగానే "ప్… పద్మ" అని మిగతాది సాగదీసి బయటికి తెండి.

ఈ రెండూ వంటబట్టాకే మూడోది, ప్రిపరేటరీ సెట్: ఇరుక్కుంటుందని తెలిసిన మాటను ముందే వదులుగా మొదలుపెట్టడం.

అచ్చులన్నీ సాగదీసి మాట్లాడే పద్ధతి కూడా ఉంది. నత్తి బాగా తగ్గుతుంది కానీ నా గొంతు నాకే పరాయిగా వినిపించేది. ఫోన్‌లో మొదటి వాక్యానికి తప్ప వాడను.

ఇంకొకరితో కలిసి చదివితే చాలామందికి నత్తే రాదు. అందుకని దాన్ని పరీక్షగా తీసుకోకండి. ఒంటరిగా, తర్వాత ఇంట్లోవాళ్లతో, ఆపైన ఫోన్‌లో, చివరికి కొత్తవాళ్లతో సాధన చెయ్యండి. తొడ మీద చేత్తో కొట్టడం, కష్టమైన మాటకు బదులు ఇంకో మాట వేసెయ్యడం మాత్రం వద్దు. మొదట్లో పనిచేస్తాయి, తర్వాత అవే అలవాటై కూర్చుంటాయి.

ఇవన్నీ పెద్దవాళ్లకు. మూడు నాలుగేళ్ల పిల్లలకు మీరే నేర్పబోకండి. ఆ వయసు నత్తి చాలామందిలో దానంతటదే పోతుంది. నెలల తరబడి తగ్గకపోయినా, మాట్లాడటానికి పిల్లలు జంకుతున్నా స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించండి. అంతవరకు వాళ్ల వాక్యాన్ని మీరు పూర్తి చెయ్యకుండా వినండి.