చంటిబిడ్డను ఎలా పడుకోబెట్టాలి, అమ్మమ్మను ఎలా ఒప్పించాలి

ఏడాది లోపు బిడ్డను పగలైనా రాత్రైనా వెల్లకిలానే పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకు తిప్పీ వద్దు. ఈ మాట అనగానే మా వరంగల్ వైపు ఇళ్లల్లో "పాలు కక్కితే గొంతుకు అడ్డం పడవా బిడ్డా" అని అమ్మమ్మలు అడ్డుపడతారు. భయం న్యాయమైందే, కానీ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కాబట్టి కక్కిన పాలు మళ్లీ కిందికే జారతాయి, బోర్లా వేస్తేనే అది తారుమారవుతుంది. అమెరికాలో 1994లో దీని మీద ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే పిల్లల సంఖ్య పదేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. పెద్దవాళ్లతో వాదించకండి, టీకాకు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లి నర్సమ్మతోనే చెప్పించండి, మీ మాటకంటే ఆ మాట బాగా పనిచేస్తుంది.

పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. నులక మంచం మధ్యలో గుంట పడుతుంది, బొంత మెత్తగా మూతికి ఆనుతుంది, సోఫా అయితే అన్నింటికంటే ప్రమాదం. ఆవాల దిండూ తీసేయండి; తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా బోర్లా ఆడించండి. తొట్లెల వేడుక ఘనంగా చేసుకోండి, ఎవరొద్దన్నారు, కాకపోతే చీర తొట్లెలో గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఇరుకవుతుంది, అందులో నిద్రపోతే ఎత్తి చదునైన పక్క మీద వేయండి. కనీసం ఆరు నెలలు తల్లి గదిలోనే, కానీ వేరే పక్క మీద. ఇంట్లో మందు తాగినవాళ్లు, బీడీ సిగరెట్ తాగేవాళ్లు బిడ్డ పక్కన పడుకోనే వద్దు. చలికాలం బాలింత గది తలుపులు మూసి కుంపటి పెట్టొద్దు, ఆ గాలి పెద్దవాళ్లకే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు.

బిడ్డ ఉలుకూ పలుకూ లేకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టి పట్టుకుని, మధ్యలో రెండు బొటనవేళ్లతో 30 సార్లు వేగంగా నొక్కి, బిడ్డ నోరూ ముక్కూ కలిపి తమ నోటితో మూసి రెండుసార్లు మెల్లగా ఊదాలి, అంబులెన్స్ వచ్చేదాకా అలాగే.

ఇవన్నీ పాటించినా ఒక్కోసారి బిడ్డ దక్కదు. ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల మధ్య జరుగుతుంది. పోస్టుమార్టం చేసి, బిడ్డ పడుకున్న చోటు చూసి, ఆరోగ్యం గురించి అడిగాక కూడా కారణం దొరకకపోతేనే దాన్ని సిడ్స్ అంటారు, కాబట్టి కోసిపారేస్తారని భయపడి వద్దనకండి. కారణం తేలకపోతే ఇంట్లో వేళ్లన్నీ తల్లి వైపే తిరుగుతాయి. "నువ్వు పక్కకు ఒరిగినవా" అని అడిగే చుట్టాన్ని గుమ్మం దగ్గరే ఆపడం భర్త పని. "మళ్లా పుడతడులే" అనేవాళ్లనూ అంతే.

తల్లికి పాలు వస్తూనే ఉంటాయి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. రొమ్ములను గుడ్డతో బిగించి కట్టొద్దు, బరువు తగ్గేంత కొంచెం పాలు పిండి చల్లటి గుడ్డ వేయండి, జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఇంకో పిల్ల ఉంటే "తమ్ముడు నిద్రపోయిండు" అనకండి, ఆ పిల్లకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది, చనిపోయాడనే చెప్పండి. తండ్రి గట్టిగా కనిపించినా తిండి మానేస్తున్నాడా, తాగుడు పెంచుతున్నాడా గమనించండి. ఇద్దరిలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తే 14416 టెలీ మానస్‌కు చేయండి, ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.