పీహెచ్‌డీ వాళ్లకు చిన్న చిట్కా

సెమిస్టర్‌కోసారి ఆర్‌ఏసీ (మన పరిశోధన ఎలా సాగుతోందో చూసే సలహా కమిటీ) ముందు కూర్చోవాలంటే సర్టిఫికెట్ల కోసం ఫోనంతా వెతుక్కోవాల్సిందే. నెల్లూరు దగ్గర కాకుటూరు క్యాంపస్‌లో మేమిప్పుడు ఇలా చేస్తున్నాం.

వారం వారం చేసిన పనులు రాసుకోవడానికి గూగుల్ షీట్‌లో ఐదు గడులు పెట్టుకోండి: తేదీ, పని, గంటలు, స్వయంగా చేసింది, సర్టిఫికెట్ లింకు. శనివారం రాత్రి పది నిమిషాలు చాలు. అసలు సంగతంతా నాలుగో గడిలోనే. "వర్క్‌షాప్‌కి వెళ్లాను" అని రాస్తే రేపు ఇంటర్వ్యూలో చెప్పడానికేం ఉండదు. "ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటల్లో నీళ్ల శాంపిళ్లు తీశాను, కరిగిన ఆక్సిజన్ కొలిచాను, ఆ లెక్క రైతులకు తెలుగులో వివరించాను" అని రాయండి. జూనియర్‌కి మీటర్ కాలిబ్రేషన్ (కొలత సరిచూసుకోవడం) చూపించినా ఎక్కించండి, అదీ బోధనే కదా!

షీట్ మాత్రం సొంత మెయిల్‌లోనే ఉండాలి. యూనివర్సిటీ మెయిల్‌లో పెడితే, పట్టా వచ్చాక ఆ ఖాతా మూసేస్తే షీటూ పోతుంది.