లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారు కొంటున్నారా? వానలకు ముందు ఇవి చూసుకోండి

మొన్న ఖమ్మం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. రెండు కార్లు చూశాడట. ఒకటి 2015 మోడల్ డీజిల్, 1,70,000 కిలోమీటర్లు తిరిగింది, మొదటి ఓనరు చేతిలోనే ఉంది. రెండోది 2016 మోడల్ పెట్రోల్, మీటరు మీద 58,000. ధర ఇంచుమించు ఒకటే. "రెండోదే తీసుకుంటా బావా, మొదటిది మరీ ఎక్కువ తిరిగింది" అన్నాడు. టోకెన్ అడ్వాన్సు ఇవ్వకు, ముందు రెండింటికీ సర్వీసు కాగితాలు అడుగు అన్నాను. మొదటి కారాయన పాత బిల్లులన్నీ ఫైలు కట్టి దాచుకున్నాడు. రెండో కారు అమ్మే బ్రోకరు మాత్రం "కాగితాలతో పనేముంది సార్, బండిని చూడండి" అన్నాడట.

నా మటుకు నేను 1,70,000 కారే ముందు చూస్తాను. రోజూ హైవే మీద తిరుగుతూ, వేళకి ఆయిల్ మార్పించుకున్న డీజిల్ ఇంజిన్‌కి లక్షన్నర పెద్ద లెక్క కాదు. వారానికోసారి కూరగాయల మార్కెట్ దాకా వెళ్లొచ్చే కారులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కనే వేడెక్కదు. ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోదు, లోపలే ఉండి చెరుపు చేస్తుంది. తిరిగిన కిలోమీటర్ల కన్నా, ఎలా తిరిగిందో తెలియని కిలోమీటర్లకే ఎక్కువ భయపడాలి.

మీటరు చెప్పేది నిజమేనా

డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడానికి ల్యాప్‌టాప్, ఒక కేబుల్ చాలు. కాబట్టి అంకెను పక్కనబెట్టి చుట్టూ చూడండి. బ్రేక్, క్లచ్ పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిందా? డ్రైవరు సీటు తలుపు వైపు అంచు నలిగి కుంగిందా? స్టీరింగు మీద గరుకుదనం పోయి మెరుస్తోందా? 58,000 తిరిగిన బండిలో ఇవన్నీ ఉండకూడదు. స్టీరింగుకి, సీట్లకి కొత్త కవర్లు తొడిగి ఉంటే ఊడదీసి చూస్తానని అడగండి. బానెట్ కింద, డ్రైవరు తలుపు లోపలి అంచున షెడ్డువాళ్లు అంటించే ఆయిల్ స్టిక్కరు కోసం వెతకండి. మీటరు 58,000 చూపిస్తుంటే "తర్వాతి సర్వీసు 1,20,000" అని రాసిన స్టిక్కరు కనబడవచ్చు. మీటరు తిప్పేవాళ్లు మరిచిపోయేది ఇలాంటివాటినే.

అన్నిటికన్నా గట్టి ఆధారం కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఉంటుంది. బండి వచ్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఓనరును వెంటబెట్టుకుని వెళ్లి ఆ చిట్టా అడగండి. రానని ఓనరు మొండికేస్తే అదే మీకు జవాబు.

ట్యాక్సీగా తిరిగి, ఎల్లో బోర్డు నుంచి వైట్ బోర్డుకి మారిన బండిని కూడా గుర్తుపట్టవచ్చు. అలాంటివాటిలో ముందు పక్క సీటు కన్నా వెనక సీటు ఎక్కువ నలిగి ఉంటుంది. టాపు మీద క్యారియర్ బిగించిన మచ్చలు, డాష్‌బోర్డు మీద ఫోన్ స్టాండుకీ జీపీఎస్‌కీ కొట్టిన రంధ్రాలు ఉంటాయి. ట్యాక్సీగా తిరిగినంత మాత్రాన ఆ బండి పనికిరాదని కాదు. ఆ సంగతి దాచి సొంత కారు ధర చెబితే మాత్రం మోసమే.

నీళ్లు తాగిన కారు

వానలకు ముందు కొనేవాళ్లు ఎక్కువసేపు చూడాల్సింది దీన్నే. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. 2015లో, 2023లో చెన్నైలోనూ ఇదే జరిగింది. మునిగిన కారుకి మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ మొత్తం నష్టంగా లెక్కగట్టి డబ్బిచ్చేస్తుంది. బండి వేలానికి పోతుంది. అలా పోయినవన్నీ తుక్కు కావు. కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి, వేరే ఊరు తీసుకెళ్లి అమ్మేవాళ్లున్నారు.

ఇలాంటి కారు కొన్న నెల బాగానే నడుస్తుంది. తర్వాత వైరింగు జాయింట్లలో పచ్చటి చిలుము పడుతుంది. ఒకరోజు పవర్ విండో పనిచేయదు, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, ఆ తర్వాత బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఏ మెకానిక్కూ కారణం పట్టుకోలేడు, ఎందుకంటే లోపం ఒక్కచోట ఉండదు.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. పై భాగం శుభ్రంగా ఉండి, చుట్టలో దాగిన చివరి రెండు మూరల మీద బురద గీత ఉందంటే ఇక మాటలక్కర్లేదు. బెల్టు అంచున కుట్టిన చీటీ మీద తయారీ తేదీ ఉంటుంది, అది బండి కన్నా చాలా కొత్తదైతే ఎందుకు మార్చారో అడగండి. డిక్కీలో స్టెప్నీ తీసి గుంట అడుగున చెయ్యి పెట్టి తడమండి, ఒండ్రు ఉంటే వేళ్లకు తగులుతుంది. సీటు పట్టాల కింద బోల్టులు, డాష్‌బోర్డు కింది బ్రాకెట్లు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడండి. వాన నీళ్లు మామూలుగా అక్కడికి చేరవు. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. కారు తలుపు తీయగానే సెంటు గుప్పుమంటే అద్దాలు ఎక్కించి, ఏసీ ఆపి, ఎండలో పదిహేను నిమిషాలు ఉంచి మళ్లీ తెరవండి.

ఇంకొకటుంది, చాలామంది అడగరు. పాత ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. ఏడెనిమిదేళ్లు ఒకే చేతిలో ఉన్న బండికి హఠాత్తుగా సున్నా కనబడితే, అంతకుముందు ఏడాదిలో క్లెయిమ్ జరిగి ఉండవచ్చు. దేనికి జరిగిందో అడిగి, కాగితం చూడండి.

మా బావమరిది రెండో కారు దగ్గర సీటు బెల్టు లాగబోతే బ్రోకరు చెయ్యి అడ్డం పెట్టాడట. వాడు మళ్లీ ఆ కారు జోలికి పోలేదు.

చల్లటి ఇంజిన్ అబద్ధమాడదు

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ముందు రోజే ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా తగిలితే ఇంకోరోజు వస్తానని చెప్పి వెనక్కి రండి. స్టార్టింగు ట్రబుల్ ఉన్న బండిని ముందే వేడి చేసి పెట్టడం పాత అలవాటు.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, బోరుకొచ్చే (సిలిండర్లు అరిగి ఇంజిన్ విప్పి బాగుచేయాల్సిన) దారిలో ఉంది, లేదా టర్బో ఆయిల్ వదులుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో అనుమానించాలి. డీజిల్ బండి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కాస్త నల్ల పొగ వదిలితే కంగారు పడక్కర్లేదు, ఊరికే నిలబడ్డప్పుడూ వదులుతుంటే ఇంజెక్టర్లు చూపించాలి. ఆయిల్ మూత తీసి అడుగున చూడండి, మజ్జిగ మీగడలాంటి తెల్లటి పదార్థం ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టే. ఇంజిన్ నడుస్తుండగా మూత వదులు చేస్తే ఆవిరి కొద్దిగా రావడం సహజం. గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే మాత్రం పిస్టన్ రింగులు అరిగాయి.

టెస్ట్ డ్రైవ్ అంటే కాలనీ చుట్టూ ఒక రౌండు కాదు. ఏసీ వేసి ఇరవై కిలోమీటర్లన్నా నడపాలి, ట్రాఫిక్కులో కాసేపు ఆగాలి, ఒక ఎత్తు ఎక్కించాలి. టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదలకూడదు. మూడో గేరులో నిదానంగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. గుంతల్లో టక్ టక్ మంటే సస్పెన్షన్‌లో ఉండే లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ లింక్ రాడ్లు గానీ అరిగినట్టు. ఈ వయసు బండికి అవి మామూలే, బేరంలో తగ్గించుకోవచ్చు. ఇంజిన్, గేర్ బాక్స్, వైరింగు, బాడీ తుప్పు, ఈ నాలుగింటి దగ్గర మాత్రం బేరం పెట్టుకోవద్దు, వదిలేయండి.

మీ మేస్త్రిని వెంట తీసుకెళ్లండి, రోజు కూలి ఇచ్చి మరీ. బ్రోకరు పిలిపించిన మేస్త్రి మాటకు విలువ ఇవ్వకండి.

పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు సంగతి విడిగా చెప్పాలి. పాత ఇన్నోవా 2.5 డీజిల్, డస్టర్ 1.5 డీజిల్ ఇంజిన్లలో రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది. స్విఫ్ట్, డిజైర్లలో వచ్చిన 1.3 డీజిల్‌కి చైన్ ఉంటుంది. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. చైన్ ఉన్న ఇంజిన్‌లోనూ పొద్దున్నే గరగర చప్పుడు వస్తే మేస్త్రికి వినిపించండి. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మడం మానేసినా, ఆ 1.3 ఇంజిన్ టాటా, ఫియట్ కార్లలో కూడా వచ్చింది కాబట్టి విడిభాగాలకు ఇబ్బంది లేదు.

కాగితాలు

ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఎన్నో ఓనరో, ఫైనాన్సు ఉందో లేదో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకానో తెలుస్తుంది. చలాన్లు విడిగా చూసుకోండి. అప్పు తీరిపోయిందని నోటితో చెప్తే చాలదు, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలోంచి అప్పు తీసేయించే ఫారం 35 చేతికి రావాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకు పొడిగించుకోవాలి. అందుకే పన్నెండు, పదమూడేళ్ల బండికి ధర కట్టేటప్పుడు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఖమ్మం వాళ్లకు విజయవాడ దగ్గరే, అక్కడ ధర తక్కువగా కనిపిస్తుంది. కానీ ఇప్పుడది వేరే రాష్ట్రం బండి. ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఆంక్షలు పెట్టిన ఢిల్లీ నుంచి వచ్చే బండ్లకూ ఇదే లెక్క. ట్యాక్స్ కలిపాక కూడా చౌకేనా అని చూసి అప్పుడు ముందుకు వెళ్లండి.

పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ఊరుకోవద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని అడగాలి, లేకపోతే సొంత బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ రాకుండా పోయే ప్రమాదం ఉంది. అమ్మేవాళ్లకూ ఒక మాట: సీ బుక్కులో ఎవరి పేరుంటే యాక్సిడెంటు పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఇచ్చేశాం కదా అని నిద్రపోకండి.

కొన్నాక మొదటి నెల

చేతిలో ఉన్న డబ్బంతా కారుకి పెట్టేయకండి. అయిదో వంతు పక్కన ఉంచండి. నా మొదటి పాత కారుకి నేనలా ఉంచుకోలేదు. రేడియేటర్ గొట్టాలు గట్టిపడ్డాయని మేస్త్రి చెప్పినా తర్వాత చూద్దామన్నాను. సూర్యాపేట దాటాక గొట్టం పగిలింది. ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది, అయినా దాబా కనబడేదాకా పోదామని నాలుగు కిలోమీటర్లు నడిపాను. ఇంజిన్ పై భాగాన్ని మూసి ఉంచే హెడ్ గాస్కెట్ పోయింది. గొట్టానికయ్యే కొద్ది వందలు మిగుల్చుకోబోయి రెండు నెలల జీతం పోగొట్టుకున్నాను. ముల్లు పైకి లేస్తే ఆ క్షణమే పక్కకు ఆపండి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి.

అమ్మినవాళ్లు ఏం చెప్పినా ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు అన్నీ కొత్తవి వేయించి, ఆ రోజు నుంచి మీ లెక్క మొదలుపెట్టండి. కూలెంట్ బదులు నల్లా నీళ్లు పోయించొద్దు, లోపల తుప్పు పడుతుంది. ఇంజిన్ ఆయిల్‌కి కంపెనీ పదివేల కిలోమీటర్లంటే నేను ఏడున్నర వేలకే మార్పిస్తాను. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ వారానికోసారి చూడండి. పాత ఇంజిన్ ఆయిల్ కొంత తాగుతుంది, అది తప్పు కాదు, చూసుకోకపోవడమే తప్పు.

వానలకు ముందు టైర్లు చూడండి. పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరు గట్టిపడిపోయి తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి చాలంటుంది, వానాకాలానికి నాకు అది చాలదు. వైపర్ బ్లేడ్లు మార్చండి. అద్దం కింద వైపర్ల దగ్గర చేరిన ఆకులు తీసేయండి, లేకపోతే నీళ్లు దారి మళ్లి కారు లోపలికి వస్తాయి. తలుపుల అడుగున ఉండే సన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది, పుల్లతో తెరవండి. డీజిల్ బండైతే ఫిల్టర్లో చేరిన నీళ్లు తీయించండి.

రోడ్డు మీద నీళ్ల లోతు తెలియకపోతే వెళ్లొద్దు, ముందు బస్సు వెళ్లినా సరే. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు. గాలి గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లోకి చేరి ఉంటే వాటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఇంజిన్లో ఇది ఇంకా తీవ్రం. ఇలాంటి నష్టానికి అదనంగా తీసుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ కవరును పాత కార్లకు చాలా బీమా కంపెనీలు ఇవ్వవు, కాబట్టి ఆ ఖర్చు మీదే. దిగండి, మనుషుల సాయంతో బండిని మెరక మీదికి నెట్టించండి. వీలైతే బ్యాటరీ తీగ విప్పి, టోయింగ్ బండికి ఫోన్ చేయండి. షెడ్డుకు చేరాక ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసి, ప్లగ్గులు గానీ ఇంజెక్టర్లు గానీ విప్పి నీళ్లు బయటికి పంపాకే స్టార్ట్ చేయమని మేస్త్రికి ముందే చెప్పండి.