బొమ్మల కథలు గీసేవాళ్లతో ఊరి చరిత్ర, దెయ్యాల కథలు మాట్లాడించడం ఎలా?

మన ఊళ్లోనే కామిక్స్ గీసేవాళ్లు, భయం కథలు అల్లేవాళ్లు ఉంటారు. వాళ్లతో ఓ గంట మాట్లాడి రికార్డు చేయడానికి ఫోను ఉంటే చాలనుకుని ఒకసారి ఒకాయన దగ్గరికి వెళ్లాను. కూర్చోగానే “మీరు దెయ్యాలను నమ్ముతారా?” అని అడిగాను. “లేదండీ” అన్నాడాయన. అంతే! ఇంకేం అడగాలో తోచక, టీ చల్లారేదాకా ఇద్దరం గోడకేసి చూస్తూ కూర్చున్నాం. ఆ ప్రశ్న మళ్లీ ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు నేను చేసే పద్ధతి కింద రాశాను. నాకు తెలిసిన ఊరు హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలూ అక్కడివే.

1. ఊరంతా వద్దు, ఒక్క చోటు పట్టుకోండి

“హైదరాబాద్ చరిత్ర చెప్పండి” అంటే ఎవరైనా 1591, కులీ కుతుబ్‌షా, చార్మినార్ అని బడి పాఠం అప్పజెప్తారు. అలా కాకుండా అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు గురించి అడగండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మామూలుగా చింతచెట్టంటే మనకు దెయ్యాల కాపురం. పొద్దుగూకాక పిల్లల్ని దాని కిందికి పోనివ్వరు. ఇక్కడేమో జనాన్ని కాపాడింది అదే చెట్టు. భయం కథలు గీసే మనిషి ముందు ఈ సంగతి పెట్టి మీరు నోరు మూసుకుంటే చాలు, మిగతా అరగంట ఆయనే చూసుకుంటాడు.

వీలైతే ఆ చోటికి ఆయనతో కలిసి వెళ్లండి, కానీ రికార్డింగు అక్కడ పెట్టుకోకండి. బస్సుల హారన్లు తప్ప ఏమీ వినపడదు.

2. ఆయన పుస్తకం రెండుసార్లు చూడండి

మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి మాటలు వదిలేసి బొమ్మలే చూడండి. ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీ నంబరు రాసుకోండి. ఊరి సంగతులు సరిచూసుకోవాలంటే 1891లో మొదలైన పాత ఆసఫియా గ్రంథాలయం, అంటే ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది.

3. పనితనం గురించి అడగండి

సంభాషణకు ప్రాణం ఇక్కడే ఉంటుంది. సినిమాలో అయితే చప్పుడుతో ఉలిక్కిపడేలా చేయొచ్చు. కాగితం మీద చప్పుడు ఉండదు కదా, మరి భయం ఎలా వస్తుంది? కుడి పేజీ చివరి గడిలో తలుపు కాస్త తెరిచి ఉంటుంది. లోపల ఏముందో తెలియాలంటే పేజీ తిప్పాల్సింది మనమే. ఆ గడిలో ఏం చూపించారు, ఏం దాచారు అని అడగండి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి మాటల బుడగ పొడుగు పెరిగి బొమ్మను కమ్మేస్తుంది. దాన్నెలా సర్దుకుంటారు? తలుపు చప్పుడు ‘కిర్రు’ అని రాస్తారా, ‘కిర్ర్‌ర్’ అని సాగదీస్తారా? ఇలాంటివి అడిగితే బొమ్మలు గీసేవాళ్ల కళ్లు మెరుస్తాయి.

4. చిన్నప్పటి భయాల్లోకి వెళ్లండి

1947లో మొదలైన చందమామ చదివిన తరమైతే, శంకర్ బొమ్మలోని భుజాన శవం, చేతిలో కత్తి ఉన్న విక్రమార్కుడు తప్పకుండా గుర్తొస్తాడు. 1990ల్లో పెరిగినవాళ్లయితే “మీ తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ ఎవరు రాశారు? సుద్దతోనా, బొగ్గుతోనా?” అని అడగండి. అంత చిన్న వివరం అడిగితే వీధి వీధంతా కదులుతుంది.

5. విన్నదా, చదివిందా, కల్పించిందా?

ప్రతి కథ దగ్గరా ఈ మూడు ముక్కలూ రికార్డులోనే అడిగేయండి. తప్పు పడుతున్నట్టు కాకుండా, “ఇది అమ్మమ్మ చెప్పిందాండీ, మీరే అల్లారా?” అన్నట్టు అడగాలి. కల్పించానని ఒప్పుకోవడం వాళ్లకేం నామోషీ కాదు. అయితే మీరు అడగకపోతే, రేపు ఎవరో ఆ కల్పననే చరిత్రగా చెప్పుకుంటారు.

6. రికార్డింగు

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఎండాకాలమైనా సరే ఫ్యాను ఆపండి. ముందు అర నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి.

7. బయటపెట్టే ముందు

బొమ్మలు వాడుకోవాలంటే విడిగా అనుమతి అడగాలి. మాట్లాడటానికి ఒప్పుకున్నంత మాత్రాన బొమ్మలిచ్చినట్టు కాదు. ఫలానా వీధిలో దెయ్యాల కొంప ఉందని ఆయన సరదాగా అంటే ఆ గుర్తులు తీసేయండి. అక్కడ ఎవరో కాపురముంటారు, రేపు వాళ్ల వాటా అద్దెకు పోదు. చేతబడి, బాణామతి మాట వస్తే మరీ జాగ్రత్త. ఆ అనుమానంతో మన జిల్లాల్లో మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. బతికున్న మనిషి పేరు అక్కడ దొర్లితే, కథ ఎంత బాగున్నా ఆ ముక్క కత్తిరించేయండి.