చర్చి పేరున్న యూనివర్సిటీలో ఫీజు కట్టే ముందు

మా చర్చి సంఘంలో పదిహేనేళ్లుగా రాతకోతల పని నాది. ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, గుంటూరు కొత్తపేట చుట్టుపక్కల తల్లిదండ్రులు చర్చి ఉత్తరాల కోసం వస్తారు. "క్రైస్తవ యూనివర్సిటీ అంట బాబాయ్, పాస్టర్ గారితో సంతకం పెట్టించు" అంటారు. ఇదివరకు వెంటనే రాసిచ్చేవాణ్ణి. ఇప్పుడు ముందు ఆ యూనివర్సిటీ పేరు అడుగుతున్నాను.

కొన్నేళ్ల కిందట మా సంఘంలో ఒక అబ్బాయికి నేనే ఉత్తరం రాశాను, ముద్ర కూడా నేనే వేశాను. మూడేళ్లు చదివాడు. బంగారు అక్షరాల డిగ్రీ చేతికొచ్చింది. తీరా ఉద్యోగానికి వెళ్తే దానికి గుర్తింపే లేదన్నారు. వాళ్లమ్మ చీటీ పాడి కట్టిన ఫీజు అది. బ్రోచర్ మీద సిలువ, కింద బైబిలు వాక్యం చూసి నేను ఇంకేమీ అడగలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం ఊరికే రాదు. పార్లమెంటు చట్టంతోనో రాష్ట్ర చట్టంతోనో ఏర్పడిన యూనివర్సిటీ అయినా కావాలి, 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం 3వ సెక్షన్ కింద డీమ్డ్ హోదా, అంటే యూనివర్సిటీతో సమానమన్న హోదా, ఉన్నా ఉండాలి, లేదంటే పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చి ఉండాలి. సొసైటీగా, ట్రస్టుగా రిజిస్టర్ చేయించిన కాగితం చూపిస్తే అది చాలదు. యూజీసీ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్నవాటి జాబితా, నకిలీవాటి జాబితా రెండూ ఉంటాయి. రెండూ తెరిచి చూడండి. క్రీస్తు పేరుతో పాటు 'డీమ్డ్' అన్న మాట కూడా తగిలించుకున్న సంస్థ ఒకటి ఏళ్లుగా ఆ నకిలీ జాబితాలో ఉంది, అదీ మన గుంటూరు చిరునామాతోనే. అందుకే పేరును అక్షరం అక్షరం పోల్చుకోండి.

నిజమైన సంస్థకు దాచాల్సిన చరిత్ర ఉండదు. బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీనే తీసుకోండి. సీఎంఐ అనే క్యాథలిక్ గురువుల సభ దాన్ని 1969లో కాలేజీగా మొదలుపెట్టింది, 2008లో డీమ్డ్ హోదా వచ్చింది. మీరు అడిగే యూనివర్సిటీ వాళ్లు కూడా ఇలా ఏ ఏడు, ఏ చట్టం కింద అన్నది ఒక్క మాటలో చెప్పగలగాలి. "దేవుడు నడిపిస్తున్నాడు" అని మాత్రమే చెప్తే లేచి వచ్చేయండి.

మన గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ 1885 నుంచి ఉంది. అంత పాత మిషన్ కాలేజీకి కూడా డిగ్రీ ఇచ్చేది నాగార్జున యూనివర్సిటీయే. మరి నిన్న మొన్న అద్దె బిల్డింగ్‌లో బోర్డు పెట్టినవాళ్లు సొంత డిగ్రీ ఎలా ఇస్తారో అడగాలి కదా!

పాస్టర్లుగా సేవకు వెళ్లే పిల్లలు చదివే బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ సంగతి వేరు. క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే అధికారం బెంగాల్‌లోని సెరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది, 1918 చట్టం దాన్ని నిలబెట్టింది. మీరు చేరే సెమినరీకి (వేదాంత కళాశాలకు) ఆ డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్ అనుబంధం ఉందా అని అడగండి.

ఫీజు యూనివర్సిటీ ఖాతాకే వెళ్లాలి, రసీదు తీసుకోవాలి. మధ్యవర్తి ఫోన్‌పే నంబర్ ఇస్తే కట్టొద్దు, ఆయన ఎంత భక్తిపరుడైనా సరే.

బ్రాడీపేట నుంచి హిందూ కుటుంబాలు కూడా నన్ను అడుగుతుంటాయి, అక్కడ మా పిల్లను ప్రార్థనకు కూర్చోబెడతారా అని. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో ఇష్టం లేకుండా ఆరాధనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. రాజ్యాంగం 28వ అధికరణం చెప్పేది అదే. దాని గురించి టెన్షన్ పడొద్దు.

మైనారిటీ కోటాలో అప్లై చేస్తే బాప్తిస్మం సర్టిఫికెట్ అడగవచ్చు. మీరు క్యాథలిక్కులైతే జ్ఞానస్నానం (బాప్తిస్మం) రిజిస్టర్ విచారణ (పారిష్) గురువుల దగ్గర ఉంటుంది. ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గరే. రిజిస్టర్‌లో శామ్యూల్ అని ఉంటుంది, పదో తరగతి మెమోలో శ్రీనివాసరావు అని ఉంటుంది. ఇద్దరూ ఒక్కరేనని ఉత్తరంలో రాయాలంటే మెమో, ఆధార్ రెండూ నేను చూడాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఒక్కసారే వస్తే రిజిస్టర్ తీయడం కుదరదు. శనివారం సాయంత్రం ఐదు దాటాక రండి. యూనివర్సిటీ పూర్తి పేరు కాగితం మీద రాసుకుని తెచ్చుకోండి. మీ ఎదురుగానే జాబితాలో చూసి, ఆ తర్వాతే ముద్ర వేస్తాను.